పాంక్రియాస్ క్యాన్సర్‌ను తొలిదశలో పట్టే హై రిజల్యూషన్ స్కాన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

పాంక్రియాస్ క్యాన్సర్ ముదిరేదాకా ఎందుకు బయటపడదు?

పాంక్రియాస్, అంటే క్లోమగ్రంథి, పొట్టలో బాగా వెనక ఉంటుంది. జీర్ణాశయం చాటున, వెన్నెముకకు అడ్డంగా, సుమారు 15 సెంటీమీటర్ల పొడవున పడుకుని ఉంటుంది. తల భాగం చిన్నపేగు మొదటి వంపులో ఇమిడి ఉంటే, తోక ప్లీహం దాకా పోతుంది. డాక్టరు పొట్ట తడిమి చూసినా చేతికి తగలదు. తలలో పుట్టిన కణితి పిత్తనాళాన్ని నొక్కి కామెర్లు తెప్పిస్తుంది కాబట్టి కాస్త ముందుగా పట్టుబడుతుంది. మధ్యభాగంలోనో తోకలోనో పుట్టినదానికి ఆ హెచ్చరిక కూడా ఉండదు. వెనకనున్న నరాలనో రక్తనాళాలనో పట్టుకున్నాకే నొప్పి మొదలవుతుంది. జబ్బు తెలిసేనాటికి ఆపరేషన్‌కు వీలుండేది నూటికి 15–20 మందికే.

అలాగని ఇది రాత్రికి రాత్రి పుట్టే జబ్బు కాదు. కణితుల జన్యువులను విశ్లేషించిన పరిశోధకుల లెక్క ప్రకారం, మొదటి జన్యుమార్పు జరిగాక అసలు క్యాన్సర్ కణం తయారవడానికి పదేళ్లకు పైనే పడుతుంది. చిక్కల్లా ఆ పదేళ్లలో ఎక్కువ భాగం ఏ స్కాన్‌కూ అందనంత సూక్ష్మంగా గడిచిపోవడమే.

“తొలిదశ” అంటే ఎంత సైజు?

పాంక్రియాస్ దాటని, 2 సెంటీమీటర్లు మించని కణితిని టీ1 అంటారు. అందులో అర సెంటీమీటరు లోపు టీ1ఏ, అక్కడి నుంచి 1 సెంటీమీటరు లోపు టీ1బీ, 1 నుంచి 2 సెంటీమీటర్ల వరకు టీ1సీ. స్కాన్లతో పట్టాలని అందరూ తాపత్రయపడేది ఈ కణితులనే. వీటికంటే ముందు మెట్టు పానిన్ అనే మార్పులు. ఇవి సన్నటి నాళాల లోపలి పొరలో, 5 మిల్లీమీటర్లలోపు నాళాల్లో వస్తాయి, మైక్రోస్కోపు కింద తప్ప నేరుగా కనిపించవు. నీటితిత్తుల రూపంలో ఉండే ఐపీఎంఎన్, ఎంసీఎన్ అనే ముందస్తు దశలు మాత్రం స్కాన్‌లో బాగానే కనిపిస్తాయి. వాటి సంగతి కింద ఉంది.

రిజల్యూషన్ ఎంత పెరిగితే అంత మంచిదా?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివేంత తీరిక ఉంటే ఇది చదవండి. కాదు, రిజల్యూషన్ ఒక్కటే చాలదు. తెల్లగోడ మీద పడ్డ సున్నపు చుక్కను ఎంత మంచి కళ్లజోడు పెట్టుకుని చూసినా పట్టలేం. చుక్క చిన్నదని కాదు, రంగు కలిసిపోయిందని.

స్కాన్‌కు రెండు గుణాలుంటాయి. దగ్గర దగ్గరగా ఉన్న రెండు చుక్కలను విడివిడిగా చూపించగలగడం ఒకటి. దాన్నే రిజల్యూషన్ అంటాం. ఇప్పటి సీటీలకు ఇది సుమారు అర మిల్లీమీటరు. చుక్కకూ దాని చుట్టూ ఉన్న కణజాలానికీ తేడా చూపించగలగడం రెండోది, కాంట్రాస్ట్. ఒక సెంటీమీటరు కణితి అర మిల్లీమీటరుకు 20 రెట్లు పెద్దది, అయినా తప్పిపోతుందంటే లోపం రెండోదాంట్లో ఉన్నట్టే.

పాంక్రియాస్ క్యాన్సర్లలో దాదాపు 90 శాతం నాళాల నుంచి పుట్టే అడినోకార్సినోమాలే. వీటిలో క్యాన్సర్ కణాలకంటే వాటి చుట్టూ పేరుకునే నారలాంటి గట్టి కణజాలం ఎక్కువ. రక్తనాళాలు తక్కువ. అందువల్ల నరంలోకి ఎక్కించిన అయోడిన్ మందు ఆరోగ్యంగా ఉన్న పాంక్రియాస్‌ను మెరిపిస్తుంది, కణితి మాత్రం దాని మధ్య మసక మచ్చలా మిగిలిపోతుంది. ఈ తేడా కనిపించేది కొన్ని సెకన్లపాటే. ఆ సెకన్లు దాటాక తీసిన స్కాన్ ఎంత పదునుగా ఉన్నా మచ్చ చుట్టుపక్కల కణజాలంలో కలిసిపోతుంది. పైగా సుమారు పదింట ఒక కణితి సరైన సమయంలో తీసినా చుట్టుపక్కలతో సమానంగానే కనిపిస్తుంది. 2 సెంటీమీటర్ల లోపువాటిలో ఇలాంటివి ఇంకా ఎక్కువ. అంటే మనం వెతికే సైజులోనే దాక్కునే గుణం ఎక్కువన్నమాట.

మామూలు కడుపు సీటీకీ “పాంక్రియాస్ ప్రోటోకాల్” సీటీకీ తేడా ఏమిటి?

యంత్రం ఒకటే, తీసే పద్ధతి వేరు. మామూలు కడుపు సీటీని మందు ఎక్కించిన 70 సెకన్ల ప్రాంతంలో ఒక్కసారి తీసి, 5 మిల్లీమీటర్ల మందం ముక్కలుగా చూస్తారు. కాలేయానికి అది సరిపోతుంది. పాంక్రియాస్ కోసం ప్రత్యేకంగా తీసేటప్పుడు వరస ఇలా ఉంటుంది.

స్కాన్‌కు 15–30 నిమిషాల ముందు అర లీటరు నుంచి లీటరు దాకా మంచినీళ్లు తాగిస్తారు. నీళ్లతో జీర్ణాశయం, చిన్నపేగు మొదటి భాగం విచ్చుకుని పాంక్రియాస్ తల అంచు తేటగా తెలుస్తుంది. తెల్లగా కనిపించే నోటి మందు ఇక్కడ పనికిరాదు. దాని మెరుపులో పక్కనున్న చిన్న మచ్చలు కొట్టుకుపోతాయి. చేతి నరంలో 18 లేదా 20 గేజ్ కాన్యులా పెట్టి, అయోడిన్ మందును సెకనుకు 4–5 మిల్లీలీటర్ల వేగంతో, శరీర బరువును బట్టి 100–150 మిల్లీలీటర్లు ఎక్కిస్తారు. వెనకే సెలైన్ తోస్తారు. సన్నటి కాన్యులా పెట్టి సెకనుకు 2 మిల్లీలీటర్లతో సరిపెడితే మెరుపు చాలదు. ఎక్కువగా పొరపాటు జరిగే చోట్లలో ఇది ఒకటి.

తర్వాత బృహద్ధమని మీద నిఘా పెడతారు. దానిలో మెరుపు 100–150 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు (సీటీలో మెరుపును కొలిచే కొలమానం) చేరగానే లెక్క మొదలై, సుమారు 20 సెకన్ల తర్వాత మొదటి స్కాన్ నడుస్తుంది. ఎక్కించడం మొదలైనప్పటి నుంచి చూస్తే అది 40–45 సెకన్లు. దీన్నే పాంక్రియాటిక్ ఫేజ్ అంటారు. కణితికీ గ్రంథికీ తేడా బాగా కనిపించేది ఇప్పుడే. 65–70 సెకన్లకు రెండో స్కాన్. సిరలు, కాలేయానికి పాకిన మచ్చలు ఇందులో తెలుస్తాయి. కొన్నిచోట్ల 3 నిమిషాల తర్వాత మూడోదీ తీస్తారు. నార కణజాలం మందును నెమ్మదిగా పీల్చుకుని ఆలస్యంగా మెరుస్తుంది కాబట్టి, మొదట దాక్కున్న కణితి అప్పుడు బయటపడొచ్చు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లలో మందు ఆలస్యంగా చేరుతుంది. ధమనిని చూడకుండా గడియారం చూసి స్కాన్ నొక్కేస్తే వాళ్లలో మొదటి ఫేజ్ వృథా.

ముక్కల మందం ఒక మిల్లీమీటరు అంతకంటే తక్కువ ఉండాలి. ఎందుకంటే ఆ ముక్కలను అడ్డంగా, నిలువుగా, ఆపైన నాళం వంపు వెంట సాగదీసి కూడా చూడాలి. 5 మిల్లీమీటర్ల ముక్కల్లో 2 మిల్లీమీటర్ల నాళం సగటులో కరిగిపోతుంది.

కణితి కనిపించకపోయినా అనుమానించాల్సిన గుర్తులేమైనా ఉన్నాయా?

ఉన్నాయి. చాలాసార్లు తొలిదశ క్యాన్సర్ దొరికేది ఇలాగే, కణితి వల్ల కాక దాని జాడల వల్ల.

అన్నిటికంటే ముఖ్యమైనది నాళం. పాంక్రియాస్ పొడవునా నడిచే ప్రధాన నాళం తలలో సుమారు 3 మిల్లీమీటర్లు, మధ్యలో 2, తోకలో 1 ఉంటుంది. కాలువకు ఎక్కడో అడ్డుకట్ట పడితే ఎగువన నీరు నిలిచినట్టు, చిన్న కణితి నాళాన్ని నొక్కినా దాని ఎగువ భాగం, అంటే తోక వైపు, ఉబ్బుతుంది. ఉబ్బిన నాళం ఒకచోట కోసేసినట్టు ఆగిపోతే, ఆ ఆగినచోట మచ్చ కనిపించినా కనిపించకపోయినా అక్కడే వెతకాలి. రిపోర్టులో “నాళం కొద్దిగా వెడల్పైంది, అడ్డంకి కనిపించలేదు” అని వదిలేసే వాక్యం ప్రమాదకరం. ఆ వాక్యం తర్వాత ఎమ్మారై లేదా ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ (నోటి గుండా ప్రోబ్ పంపి చేసే అల్ట్రాసౌండ్) సూచన ఉండాలి.

రెండోది కృశించడం. అడ్డంకికి ఎగువనున్న గ్రంథి భాగం నెమ్మదిగా సన్నబడుతుంది. వయసుతో పాంక్రియాస్ అంతా సన్నబడటం మామూలే. ఒక్క భాగమే సన్నబడి, పక్కభాగం నిండుగా ఉండటం మామూలు కాదు. క్యాన్సర్ తేలిన వాళ్ల పాత సీటీలను తిరగేసిన అధ్యయనాల్లో ఈ ఒకచోటి కృశత్వం, నాళం ఉబ్బు నెలల ముందే, కొందరిలో ఏళ్ల ముందే కనిపించాయి.

తలలో కణితి ఉంటే పిత్తనాళం, పాంక్రియాస్ నాళం రెండూ ఉబ్బుతాయి. కొత్తగా ఎవరికైనా కారణం తెలియకుండా పాంక్రియాస్ వాపు వచ్చిందనుకోండి, ముఖ్యంగా 50 దాటిన మనిషికి, పిత్తరాళ్లూ మద్యమూ కారణం కానప్పుడు, ఆ వాపు వెనక చిన్న కణితి దాగి ఉండొచ్చు. వాపు తగ్గాక మళ్లీ స్కాన్ తీయాలి. ఈ రెండో స్కాన్ తరచూ ఎగ్గొట్టేస్తారు.

డ్యూయల్ ఎనర్జీ, ఫోటాన్ కౌంటింగ్ సీటీలు అంటే? అవి తప్పనిసరా?

తప్పనిసరి కాదు, ఉంటే మంచిది. అయోడిన్ సుమారు 33 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి దగ్గర ఎక్స్‌రేలను బాగా పీల్చుకుంటుంది. రెండు రకాల శక్తులతో తీసే డ్యూయల్ ఎనర్జీ సీటీలో, ఆ పీల్చుకునే స్థాయికి దగ్గరగా, 40–55 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల చిత్రాన్ని లెక్కగట్టి తయారుచేస్తారు. మెరుపు తేడా బాగా పెరుగుతుంది, మసక కణితి తేలుతుంది. ఆ యంత్రం లేనిచోట ఎక్స్‌రే ట్యూబ్ వోల్టేజీని 120 కిలోవోల్టుల బదులు 80–100కి తగ్గించినా కొంతవరకు అదే ఫలితం. సన్నగా ఉన్నవాళ్లలో ఇది చక్కగా పనిచేస్తుంది, భారీకాయుల్లో చిత్రంలో గరుకు పెరిగిపోతుంది.

ఫోటాన్ కౌంటింగ్ సీటీకి అమెరికా ఎఫ్‌డీఏ 2021 సెప్టెంబరులో తొలిసారి అనుమతి ఇచ్చింది. పాత డిటెక్టర్లు ఎక్స్‌రేను ముందు వెలుగుగా మార్చి, ఆ వెలుగును విద్యుత్తుగా కొలుస్తాయి. ఇందులో కాడ్మియం టెల్యురైడ్ స్ఫటికం ఒక్కో ఫోటాన్‌ను, అంటే ఎక్స్‌రే కణాన్ని, నేరుగా లెక్కపెట్టి, దాని శక్తిని కూడా నమోదు చేస్తుంది. 0.2 మిల్లీమీటర్ల ముక్కలు తీయొచ్చు. పాంక్రియాస్ విషయంలో దీని అసలు లాభం ఆ 0.2 మిల్లీమీటర్లు కాదని మా అభిప్రాయం. గరుకు తక్కువగా ఉండటం, ప్రతి స్కాన్‌లోనూ శక్తి వివరం అదనపు డోసు లేకుండా దొరకడం అసలు లాభం.

ఎమ్మారై ఎప్పుడు మేలు?

పదేపదే చూడాల్సి వచ్చినప్పుడు, నీటితిత్తులున్నప్పుడు, సీటీలో నాళం ఉబ్బి కణితి కనిపించనప్పుడు. రేడియేషన్ ఉండదు కాబట్టి ఏటా తీసినా బెంగలేదు.

ఎమ్మారైలో మూడు రకాల చిత్రాలను గమనించాలి. కొవ్వును అణచిపెట్టిన టీ1 చిత్రంలో ఆరోగ్యంగా ఉన్న పాంక్రియాస్ మందు ఎక్కించకుండానే తెల్లగా మెరుస్తుంది. దానిలోని ఎంజైమ్ ప్రోటీన్లే కారణం. కణితి నల్లగా తేలుతుంది. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు గానీ, సీటీలో దాక్కున్న కణితులు ఇక్కడ పట్టుబడటం కొత్తేమీ కాదు. రెండోది డిఫ్యూజన్. నీటి అణువుల కదలికను కొలిచే ఈ చిత్రంలో కణాలు కిక్కిరిసిన చోటు మెరుస్తుంది. కాలేయంలోని చిన్న మచ్చలకు సీటీ కంటే ఇది పదును. మూడోది ఎంఆర్‌సీపీ, నాళాల్లోని ద్రవాన్ని మాత్రమే తెల్లగా చూపించే చిత్రం. త్రీడీ పద్ధతిలో సుమారు ఒక మిల్లీమీటరు ముక్కలు వస్తాయి. సెక్రెటిన్ అనే హార్మోన్ దొరికేచోట దాన్ని ఇచ్చి తీస్తే నాళం కొన్ని నిమిషాలు నిండుగా విచ్చుకుని, సన్నటి కొమ్మలు కూడా కనిపిస్తాయి.

పాడయ్యేది ఎక్కువగా ఊపిరి వల్లే. త్రీడీ ఎంఆర్‌సీపీ ఊపిరి లయను అనుసరించి కొన్ని నిమిషాలు నడుస్తుంది. ఊపిరి ఒకసారి లోతుగా, ఒకసారి పైపైన తీస్తే నాళం రెండు గీతలుగా, లేదా ఉన్నట్టుండి తెగిపోయినట్టు కనిపిస్తుంది. మొత్తం స్కాన్ 30–45 నిమిషాలు. ముందు 4–6 గంటలు ఏమీ తినకూడదు, లేకపోతే జీర్ణాశయంలోని ద్రవం నాళాల మీద తెల్లటి మబ్బులా పడుతుంది.

ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ అన్నిటికంటే మంచిదంటారు, నిజమా?

చిన్న మచ్చల విషయంలో నిజమే. మామూలు అల్ట్రాసౌండ్ చర్మం, కొవ్వు, పేగుల్లోని గాలి దాటుకుని పాంక్రియాస్‌ను చూడాలి. ఇందులో ప్రోబ్ నోటి గుండా జీర్ణాశయంలోకి, అక్కడి నుంచి చిన్నపేగులోకి వెళ్లి గోడకవతలే ఉన్న గ్రంథిని చూస్తుంది. దూరం తగ్గింది కాబట్టి ఎక్కువ ఫ్రీక్వెన్సీ, 5 నుంచి 12 మెగాహెర్ట్జ్ దాకా వాడొచ్చు. అర సెంటీమీటరు మచ్చ కూడా కనిపించొచ్చు. 2 సెంటీమీటర్ల లోపు కణితుల్లో సీటీ, ఎమ్మారైల కంటే ఇదే ముందుంటుంది. అదే గొట్టం నుంచి 22 లేదా 25 గేజ్ సూదితో ముక్క తీసి పరీక్షకు పంపే వీలూ ఉంది.

లోపాలూ ఉన్నాయి. ఫలితం చేసే చేతిని బట్టి మారుతుంది. దీర్ఘకాలిక పాంక్రియాస్ వాపు ఉన్నవాళ్లలో గ్రంథి మొత్తం మచ్చలు మచ్చలుగా ఉండి కణితి అందులో కలిసిపోతుంది. తీవ్రమైన వాపు తగ్గిన కొత్తలో చేస్తే కూడా అంతే, 4–6 వారాలు ఆగడం మేలు. సూది గుచ్చితే వందలో ఒకరిద్దరికి పాంక్రియాస్ వాపు రావొచ్చు. ఇక ముక్క పరీక్షలో క్యాన్సర్ కణాలు లేవని వస్తే క్యాన్సర్ లేదని కాదు. సూది నార కణజాలంలోకే వెళ్లి ఉండొచ్చు. అనుమానం బలంగా ఉంటే మళ్లీ తీస్తారు. స్కాన్లన్నీ ఒకే మాట చెప్పి, కణితి తీసేయడానికి వీలుగా ఉంటే ముక్క లేకుండానే ఆపరేషన్ చేయొచ్చు. కీమోథెరపీ మొదలుపెట్టాలంటే మాత్రం ముక్క రుజువు కావాలి.

పొట్ట అల్ట్రాసౌండ్‌లో పాంక్రియాస్ నార్మల్ అన్నారు. చాలదా?

చాలదు. రిపోర్టు మళ్లీ చదవండి. “గాలి వల్ల తోక భాగం కనిపించలేదు” అని ఉండే అవకాశం బాగా ఎక్కువ. చూడని భాగాన్ని నార్మల్ అనలేం.

పెట్ స్కాన్?

తొలిదశను వెతకడానికి కాదు. దాని రిజల్యూషన్ 4–5 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది, పైగా ఇందులో ఎక్కించే చక్కెరలాంటి మందు వాపు ఉన్నచోట కూడా పేరుకుని మెరుస్తుంది. క్యాన్సర్ తేలాక ఎక్కడికైనా పాకిందా అని చూడటానికి ఉపయోగపడుతుంది.

మైక్రాన్ల స్థాయిలో చూసే పద్ధతులున్నాయట?

ఉన్నాయి, కానీ అవి వెతికేవి కావు, దొరికినదాన్ని పరిశీలించేవి. సూది ద్వారా చేసే కన్‌ఫోకల్ ఎండోమైక్రోస్కోపీలో 19 గేజ్ సూదిలోంచి మిల్లీమీటరు లోపు మందమున్న లేజర్ తీగను నీటితిత్తిలోకి పంపి, ఫ్లోరెసీన్ రంగు ఎక్కించి గోడ కణాలను చూస్తారు. ఐపీఎంఎన్‌లో వేళ్లలా ఉబికిన పొర, ప్రమాదం లేని సీరస్ తిత్తిలో సన్నటి రక్తనాళాల వల కనిపిస్తాయి. ఆప్టికల్ కోహెరెన్స్ టోమోగ్రఫీ కాంతితో సుమారు 10 మైక్రాన్ల వివరం ఇస్తుంది. అయితే అది కణజాలంలోకి ఒకటి రెండు మిల్లీమీటర్లే దిగగలదు. 15 సెంటీమీటర్ల గ్రంథి అంతా దానితో జల్లెడ పట్టలేం.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లందరికీ ఏటా స్కాన్ తీస్తే సరిపోదా?

లెక్క వేసి చూద్దాం. ఈ జబ్బు ఎక్కువగా ఉన్న దేశాల్లో కూడా ఏటా లక్షమందిలో కొత్తగా వచ్చేది సుమారు 13 మందికి. జబ్బున్నవాళ్లలో 95 శాతాన్ని పట్టి, లేనివాళ్లలో 95 శాతాన్ని సరిగ్గా “లేదు” అనగలిగే స్కాన్ ఉందనుకుందాం. లక్షమందికి తీస్తే 12 మంది నిజంగా దొరుకుతారు. దాంతోపాటు జబ్బు లేని దాదాపు 5,000 మందికి “అనుమానం” అని వస్తుంది. వాళ్లందరికీ మళ్లీ స్కాన్లు, సూదులు, కొందరికి ఆపరేషన్ కూడా. పాంక్రియాస్ ఆపరేషన్ చిన్నది కాదు. లేని జబ్బుకు దాన్ని చేయించుకోవడమంటే కోరి తెచ్చుకున్న కష్టమే. అందుకే అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ 2019లో, లక్షణాలూ ప్రత్యేక ముప్పూ లేనివాళ్లకు ఈ స్క్రీనింగ్ వద్దని “డి” గ్రేడ్ ఇచ్చింది.

మరి ఎవరికి ఏటా చూడాలి?

వంశపారంపర్యంగా ముప్పు ఎక్కువున్నవాళ్లకు. అంతర్జాతీయ క్యాప్స్ నిపుణుల బృందం 2020లో ప్రచురించిన సూచనల సారం ఇది. రక్తసంబంధీకుల్లో కనీసం ఇద్దరికి ఈ క్యాన్సర్ ఉండి, వారిలో ఒకరు తల్లి, తండ్రి, తోబుట్టువు లేదా సంతానం అయితే 50 లేదా 55 ఏళ్ల నుంచి, లేదా కుటుంబంలో అతి చిన్న వయసులో వచ్చినవారి కంటే పదేళ్లు ముందుగా మొదలుపెట్టాలి. సీడీకేఎన్2ఏ జన్యుమార్పు, ప్యూట్జ్-జెగర్స్ అనే వంశపారంపర్య జబ్బు ఉన్నవాళ్లకు 40 నుంచి. బీఆర్‌సీఏ2, ఏటీఎం, పీఏఎల్‌బీ2 జన్యువుల్లో మార్పులుండి, దగ్గరి రక్తసంబంధీకుల్లో ఒకరికి ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే 45 లేదా 50 నుంచి. ఏడాదికోసారి ఎమ్మారై, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌లను మార్చి మార్చి గానీ రెండూ గానీ వాడతారు.

ఫలితం ఉంటుందా? 2022లో వెలువడిన క్యాప్స్5 అధ్యయనంలో 1,461 మందిని నిఘాలో పెట్టారు. నిఘాలో ఉండగా క్యాన్సర్ తేలిన తొమ్మిది మందిలో ఏడుగురు స్టేజ్ 1లోనే దొరికారు. పదో వ్యక్తి నిఘా మానేసిన నాలుగేళ్లకు జబ్బు పాకిపోయాక బయటపడ్డారు.

50 దాటాక కొత్తగా షుగర్ వచ్చింది. స్కాన్ తీయించాలా?

షుగర్ ఒక్కటే కారణమైతే అక్కర్లేదు. 50 దాటాక కొత్తగా షుగర్ వచ్చినవాళ్లలో మూడేళ్లలోపు పాంక్రియాస్ క్యాన్సర్ తేలేది సుమారు నూటికి ఒకరికి. కానీ షుగర్‌తోపాటు బరువు తగ్గుతుంటే సంగతి వేరు. మామూలు టైప్ 2 షుగర్ బరువు పెరిగేవాళ్లలో వస్తుంది. ఇక్కడ బరువు తగ్గుతూ షుగర్ వేగంగా పెరుగుతుంది. వయసు, బరువు మార్పు, షుగర్ మార్పు ఈ మూడింటినీ కలిపి లెక్కగట్టే ఎండ్‌ప్యాక్ స్కోరు ఒకటుంది. 3 లేదా ఆపైన వస్తే పాంక్రియాస్ ప్రోటోకాల్ సీటీ గురించి డాక్టరుతో మాట్లాడాల్సిందే. స్కోరు వేయాలంటే ఏడాది కిందటి బరువు, షుగర్ రీడింగు కావాలి. పాత రిపోర్టులు పారేయకండి.

వేరే దేనికో తీసిన స్కాన్‌లో పాంక్రియాస్‌లో నీటితిత్తి కనిపించింది. భయపడాలా?

కంగారు వద్దు. వయసు పెరిగేకొద్దీ ఇవి మామూలే, ఎమ్మారై పదునెక్కేకొద్దీ ఇంకా ఎక్కువగా దొరుకుతున్నాయి. చాలావరకు క్యాన్సర్ కావు. ఐపీఎంఎన్ అయితే 2024 క్యోటో సూచనల ప్రకారం చూడాల్సినవి ఇవి: కామెర్లు తెప్పించే తిత్తి, లోపల మెరిసే 5 మిల్లీమీటర్లు అంతకు మించిన బుడిపె, 10 మిల్లీమీటర్లు చేరిన ప్రధాన నాళం. వీటిలో ఏదున్నా ఆపరేషన్ ఆలోచన. తిత్తి 3 సెంటీమీటర్లు చేరినా, నాళం 5–9 మిల్లీమీటర్లున్నా, ఏడాదికి 2.5 మిల్లీమీటర్లు అంతకు మించి పెరిగినా, రక్తంలో సీఏ 19-9 అనే గుర్తు పెరిగినా ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌తో దగ్గరగా చూస్తారు. ఏమీ లేని 2 సెంటీమీటర్ల లోపు తిత్తిని 6 నెలలకు ఒకసారి చూసి, మార్పు లేకపోతే ఏడాదిన్నరకోసారి చూస్తే చాలు.

కొలత విషయంలో ఒక హెచ్చరిక. ఒకసారి సీటీలో, ఇంకోసారి ఎమ్మారైలో, ఒకసారి అడ్డంగా, మరోసారి నిలువుగా కొలిస్తే 2–3 మిల్లీమీటర్ల తేడా దానంతటదే వస్తుంది. అది పెరుగుదల కాదు. వీలైనంతవరకు ఒకే పద్ధతిలో, ఒకే దిశలో కొలిపించుకోండి.

సీఏ 19-9 రక్తపరీక్ష స్కాన్ బదులు పనికొస్తుందా?

రాదు. మామూలు పరిమితి మిల్లీలీటరుకు 37 యూనిట్లు. చిన్న కణితుల్లో చాలావాటికి పెరగదు. లూయిస్ యాంటిజెన్ (రక్తవర్గానికి సంబంధించిన ఒక గుర్తు) లేని 5–10 శాతం మందిలో క్యాన్సర్ ముదిరినా పెరగదు. పిత్తనాళం మూసుకుపోతే క్యాన్సర్ లేకపోయినా పెరుగుతుంది.

కృత్రిమ మేధ ఇప్పుడు ఎంతవరకు వచ్చింది?

ఆసక్తి కలిగించేంత దూరం వచ్చింది. 2023లో నేచర్ మెడిసిన్‌లో వచ్చిన పాండా అనే వ్యవస్థను 3,208 మంది స్కాన్లతో తర్ఫీదు చేశారు. విశేషమేమిటంటే అది కాంట్రాస్ట్ మందు లేని సీటీల మీద పనిచేస్తుంది, వాటిలో మనిషి కంటికి పాంక్రియాస్ కణితి దాదాపు కనిపించదు. 20,530 మంది వరస రోగులపై పరీక్షించినప్పుడు 92.9 శాతం కణితులను పట్టింది, లేనివాళ్లలో 99.9 శాతాన్ని సరిగ్గా వదిలేసింది. పైన వేసిన లెక్కలో రెండో అంకె ఎంత కీలకమో చూశారుగా. వేరే పనిమీద తీసిన సీటీలను వెనకుండి మళ్లీ చూడటానికి ఇలాంటివి బాగా కుదురుతాయి. అయితే తర్ఫీదులో చూడని రకం యంత్రాలు, స్టెంటు (నాళాన్ని తెరిచి ఉంచే గొట్టం) ఉన్న రోగులు, ఆపరేషన్ అయిన పొట్టలు ఎదురైతే తడబడే అవకాశం ఉంటుంది. అది వేలెత్తి చూపినచోట చివరికి పాంక్రియాస్ ప్రోటోకాల్ స్కాన్ తీయక తప్పదు.

కామెర్లు వచ్చాయి, వెంటనే స్టెంటు వేస్తామంటున్నారు. స్కాన్ ముందా, స్టెంటు ముందా?

వీలైతే స్కాన్ ముందు. స్టెంటు వేశాక ఉబ్బిన పిత్తనాళం ముడుచుకుపోతుంది, లోహపు మెరుపు తల భాగాన్ని కప్పేస్తుంది, ఆ ప్రక్రియ వల్ల పాంక్రియాస్ వాస్తే కణితి అంచులు చెదిరిపోతాయి. రక్తనాళాలను కణితి తాకిందో లేదో అప్పుడు తేల్చడం కష్టం, ఆపరేషన్ నిర్ణయం దానిమీదే ఆధారపడుతుంది. చలిజ్వరంతో పిత్తనాళంలో ఇన్ఫెక్షన్ ఉంటే మాత్రం ఆగకూడదు, స్టెంటే ముందు.

క్యాన్సర్ అనుకుని పొరబడేవి ఏవి?

ఆటోఇమ్యూన్ పాంక్రియాస్ వాపు ముఖ్యమైనది. గ్రంథి గొట్టంలా ఉబ్బుతుంది, రక్తంలో ఐజీజీ4 అనే యాంటీబాడీ పెరగొచ్చు, స్టెరాయిడ్లకు లొంగుతుంది. గడ్డలా కట్టే దీర్ఘకాలిక వాపులో నాళం తెగిపోకుండా గడ్డలోంచి సన్నగా సాగిపోతుంది. తోకలో ఇరుక్కున్న అదనపు ప్లీహపు ముక్క గుండ్రటి కణితిలా కనిపిస్తుంది, కానీ ప్రతి ఫేజ్‌లోనూ ప్లీహంతో సమానంగా మెరుస్తుంది. తలలో ఒకచోట పేరుకున్న కొవ్వు సీటీలో మసక మచ్చలా ఉంటుంది. ఎమ్మారైలో కొవ్వు చిత్రాలు దాన్ని ఇట్టే తేల్చేస్తాయి.

రేడియేషన్, కాంట్రాస్ట్ మందు ప్రమాదమా?

రెండు మూడు ఫేజ్‌ల సీటీకి సుమారు 10–20 మిల్లీసీవర్టులు. ప్రకృతి నుంచి ప్రపంచ సగటున ఏడాదికి అందేది 2.4. అనుమానం బలంగా ఉన్నప్పుడు ఇది వెనకాడాల్సినంత కాదు, ఏటా చూసే నిఘాకు మాత్రం ఎక్కువే. అయోడిన్ మందుకు తీవ్రమైన అలర్జీ 10,000లో నలుగురైదుగురికి రావొచ్చు. గతంలో ఏ మందుకు ఎలాంటి రియాక్షన్ వచ్చిందో ముందే చెప్పండి. కిడ్నీ పనితీరు అంకె (ఈజీఎఫ్ఆర్) 30 లోపుంటే షుగర్ మందు మెట్‌ఫార్మిన్ ఆపి, 48 గంటల తర్వాత కిడ్నీ పరీక్ష చూసుకుని మళ్లీ మొదలుపెడతారు.

స్కాన్‌కు వెళ్లేటప్పుడు ఏం తీసుకెళ్లాలి?

పాత స్కాన్ల ఫొటోలు, రిపోర్టులు మాత్రమే కాదు, అసలు డేటా ఉన్న సీడీ లేదా లింకు. రెండేళ్ల కిందటి కిడ్నీరాయి సీటీ అయినా సరే. అందులో నాళం 2 మిల్లీమీటర్లుండి ఇప్పుడు 4 ఉంటే, ఈ ఒక్క పోలికతో రిపోర్టు మారిపోతుంది. స్కాన్ కోరే చీటీలో “కడుపు నొప్పి” అని రాసి ఉంటే మామూలు కడుపు సీటీ తీసి పంపేస్తారు. “పాంక్రియాస్ ప్రోటోకాల్” అనే మాటతోపాటు బరువు తగ్గడం, కొత్త షుగర్, కుటుంబ చరిత్ర వంటివి రాయమని డాక్టరును అడగండి.

రిపోర్టు నార్మల్, లక్షణాలు మాత్రం పోవడం లేదు. ఇప్పుడేం చేయాలి?

ముందు ఆ స్కాన్ ఏ పద్ధతిలో తీశారో చూడండి. రిపోర్టు మొదట్లో “టెక్నిక్” అనే పేరాలో ఉంటుంది. పాంక్రియాటిక్ ఫేజ్ ప్రస్తావన లేకపోయినా, ముక్కల మందం 5 మిల్లీమీటర్లని ఉన్నా, పాంక్రియాస్‌ను సరిగ్గా చూసినట్టు కాదు. సరిగ్గా తీసిన సీటీయే నార్మల్ అయ్యుండి, బరువు తగ్గుతూ, వెన్నులోకి పాకే నొప్పి ఉంటే తర్వాతి మెట్టు ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్. అనుభవమున్నవాళ్లు చేసి అదీ నార్మల్ అంటే ఆ సమయానికి కణితి ఉండే అవకాశం బాగా తక్కువ. లక్షణాలు అలాగే ఉంటే 3 నెలల తర్వాత ఆ సీటీనే, అదే యంత్రం మీద, అదే పద్ధతిలో మళ్లీ తీయించి, రెండు స్కాన్లను పక్కపక్కన పెట్టి నాళం వెడల్పును పోల్చి చూడమని అడగండి.